బానెట్‌కి వెంట్లు పెట్టించాలా? పెట్టిస్తే ఏవి, ఎక్కడ?

వాన వెలిసిన సాయంత్రం, సిగ్నల్ దగ్గర మీ పక్కన బానెట్ మీద వెంట్లున్న, అంటే గాలి పోయే కన్నాలున్న, కారు ఆగితే ఒకసారి గమనించండి. వెంట్ పైన గాలి సన్నగా వణుకుతుంటుంది, దాని వెనకున్న వైపర్లు వంకర తిరిగినట్టు కనిపిస్తాయి. బానెట్ కింద ఇరుక్కున్న వేడి దారి దొరికి బయటికొస్తోందన్నమాట. అది చూశాక ఎవరికైనా అనిపిస్తుంది, మన బండికీ రెండు పెట్టించేస్తే పోలా అని.

నన్ను ఎవరైనా ఈ మాట అడిగితే ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: మీ బండి ఎప్పుడు హీటెక్కుతోంది? ట్రాఫిక్‌లో ఈడుస్తున్నప్పుడా, హైవే మీద గంటల తరబడి లాగిస్తున్నప్పుడా, ఇంజన్ ఆపేసిన తర్వాతా? మూడింటికీ మందు వేరు. వెంట్ కొన్నిటికి బాగా పనిచేస్తుంది, కొన్నిటికి అసలు పనిచెయ్యదు, తప్పు చోట పెడితే ఉన్నదాన్ని చెడగొడుతుంది.

ఇంకో సంగతి మొదట్లోనే చెప్పేస్తాను. టెంపరేచర్ ముల్లు మామూలు చోటే నిలబడుతోంటే, వెంట్ పెట్టి దాన్ని ఇంకా కిందికి దించలేరు. ఇంజన్ వేడిని లాగే ద్రవం కూలెంట్. అది ఎంత వేడిలో ఉండాలో థర్మోస్టాట్ అనే చిన్న వాల్వు తేలుస్తుంది. ఎక్కువ కార్లలో ఆ వాల్వు 82 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కడో తెరుచుకుంటుంది. రేడియేటర్ మరీ బాగా పనిచేస్తే థర్మోస్టాట్ కాస్త మూసుకుంటుంది, అంతే. వెంట్ వల్ల లాభం ఉంటే అది మిగతా చోట్ల కనిపిస్తుంది: కూలెంట్ హద్దు దాటబోయే పరిస్థితుల్లో, ఇంజన్ పీల్చే గాలిలో, బానెట్ కింద మగ్గిపోయే రబ్బరు గొట్టాల్లో, వైర్లలో, బ్యాటరీలో.

గాలికి బయటికి దారేది?

మండిన పెట్రోలు ఇచ్చే శక్తిలో సుమారు మూడో వంతు సైలెన్సర్ గుండా పోతుంది. ఇంచుమించు అంతే కూలెంట్‌లోకి దిగుతుంది. ఆ వేడిని రేడియేటర్ గాలికి అప్పజెబుతుంది. గాలి గ్రిల్‌లోంచి వచ్చి, ఏసీ కండెన్సర్ దాటి, రేడియేటర్ దాటి, ఇంజన్ చుట్టూ తిరిగి, చివరికి గేర్‌బాక్స్ పక్కనుంచి, బండి కిందనుంచి బయటపడాలి. ఎదురు కిటికీ మూసేసిన గదిలో గాలి ఆడదు. ఇక్కడా అంతే, బయటికి దారి ఇరుకైతే ముందు గ్రిల్ ఎంత పెద్దదైనా రేడియేటర్‌లోంచి చాలినంత గాలి దూరదు. గాలిని నెట్టేది రేడియేటర్ ముందు పీడనానికీ వెనక పీడనానికీ ఉన్న తేడా. మంచి వెంట్ ఆ వెనక పీడనాన్ని తగ్గిస్తుంది.

అందుకే ఎంత పెద్ద కన్నం పెట్టామన్నదానికంటే ఎక్కడ పెట్టామన్నదే ముఖ్యం. పరుగెత్తే బండి బానెట్ మీద పీడనం అంతటా ఒకేలా ఉండదు. గాలి ముక్కు దగ్గర వంపు తిరిగి బానెట్ మీదికి ఎక్కే చోట, అంటే ముందు మూడో వంతులో, సాధారణంగా పీడనం తక్కువ. ముందు అద్దం మొదట్లో గాలి అద్దానికి కొట్టుకుని నిలదొక్కుకుంటుంది కాబట్టి అక్కడ ఎక్కువ. క్యాబిన్‌లోకి గాలి తీసుకునే జాలీ వైపర్ల కింద ఉండేది అందుకే. 1969 షెవర్లే కమారోకి ఇచ్చిన కౌల్ ఇండక్షన్ బానెట్ గుర్తుందా? మధ్యలో ఉబ్బు, దాని నోరు అద్దం వైపు. చూడగానే వేడి వదిలే కన్నంలా ఉంటుంది గానీ, అద్దం మొదట్లో పోగుపడిన గాలిని ఇంజన్‌కి అందించడానికి పెట్టారు దాన్ని. లోపలికి పీల్చే నోరది.

వాషర్ల కిటుకు: నేను పడ్డ గుంట

బానెట్ వెనక హింజ్‌ల కింద వాషర్లు వేసి, అద్దం వైపు అంచుని కాస్త పైకి లేపడం అన్నిటికంటే చవకైన ఉపాయం. కోత లేదు, పెయింట్ లేదు, నచ్చకపోతే తీసెయ్యొచ్చు. నా పాత హ్యాచ్‌బ్యాక్‌కి నేనూ చేశాను. వేలు దూరేంత సందు. ఆ సందుకి అడ్డంగా ఉన్న రబ్బరు బీడింగు కూడా పీకేశాను. బండి ఆపి అక్కడ చెయ్యి పెడితే సెగ తగిలేది, పని జరిగిందని మురిసిపోయాను.

రోడ్డెక్కాక అసలు కథ మొదలైంది. వేగం అందుకోగానే ఏసీలోంచి మాడిన ఆయిల్ వాసన. వాల్వ్ కవర్ గాస్కెట్ (ఇంజన్ పై మూత అంచున ఉండే సీలు) దగ్గర ఆయిల్ కొద్దిగా చెమర్చేది. ఆ చుక్కలు మానిఫోల్డ్ (ఇంజన్ పొగని సైలెన్సర్ వైపు పంపే గొట్టాలు) మీద పడి మాడితే, ఆ పొగ ఇదివరకు కిందికి పోయేది. ఇప్పుడు నేరుగా క్యాబిన్ జాలీ పక్కనే తేలుతోంది. పోనీ హైవే మీద కూలెంట్ అంకె ఏమైనా తగ్గిందా అంటే ఒక్క డిగ్రీ కదల్లేదు. కదలదు మరి, ఎక్కువ పీడనం ఉన్న చోట సందు తెరిస్తే గాలి బయటికి రాదు సరికదా, లోపలికే దూరొచ్చు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఆ రబ్బరు బీడింగు ఇంజన్ వాయువులు క్యాబిన్ వైపు రాకుండా పెట్టినదని అప్పుడు తెలిసొచ్చింది. ఎగ్జాస్ట్ ఎక్కడైనా లీకవుతోంటే ఇది వాసనతో పోయే వ్యవహారం కూడా కాదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే ఉండదు.

ఆగి ఉన్నప్పుడు వేడి తనంతట తాను పైకి లేస్తుంది కాబట్టి వాషర్ల పద్ధతికి ఆ కాస్త ఉపయోగం ఉంది. నా మట్టుకు రోజూ ఏసీ వేసుకుని తిరిగే బండికి దీన్ని ఎవరికీ చెప్పను.

కొయ్యకముందే కొలిచే పద్ధతి

రెండు మీటర్ల సన్నని పారదర్శక గొట్టం, చెక్క ముక్క, రంగు కలిపిన నీళ్ళు ఉంటే చాలు. గొట్టాన్ని చెక్క మీద ఇంగ్లీషు యూ అక్షరంలా వంచి కట్టి, సగం వరకు నీళ్ళు పొయ్యండి. ఒక కొసని పొడిగించి రేడియేటర్ వెనక, ఫ్యాన్‌కి తగలకుండా కట్టండి. రెండో కొసని బానెట్ మీద వెంట్ పెడదామనుకున్న చోట టేపుతో పరవండి. ఆ కొస గాలికి ఎదురుగా కాకుండా పక్కకి తిరిగి ఉండాలి. ఇంకొకరు నడుపుతుంటే మీరు చూడండి. బానెట్ వైపున్న నీళ్ళు పైకి లేస్తే అక్కడ పీడనం తక్కువ, వెంట్ పెడితే గాలి బయటికే వస్తుంది. కిందికి దిగితే ఆ చోటుని మర్చిపోండి.

గంటకి 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి మొత్తం పీడనం సుమారు 47 మిల్లీమీటర్ల నీటి ఎత్తుకి సమానం. మీకు కనిపించే తేడా అందులో కొంత భాగమే. ఆ వేగంలో 10 మిల్లీమీటర్లు దాటి లేచిందంటే మంచి చోటు దొరికినట్టే లెక్కేస్తాను. పీడనం వేగం వర్గంతో పెరుగుతుంది కనక 50లో ఎదురుగాలి పీడనం నాలుగో వంతుకి, అంటే దాదాపు 12 మిల్లీమీటర్లకి పడిపోతుంది. ట్రాఫిక్ వేగంలో ఇక చెప్పుకోడానికేమీ మిగలదు. "పీడనం లాగేస్తుంది" అని అమ్మకందారులు చెప్పే మాటలు ఏ వేగంలో నిజమో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

లూవర్లా, పెద్ద వెంటా, ఫెండర్ వెంటా?

లూవర్లంటే బానెట్ రేకుని వరసగా చీల్చి, ప్రతి చీలికకీ ముందు అంచుని పైకి లేపి, నోరు వెనక్కి ఉండేలా చేసిన సన్న గీతలు. లేచిన ఆ అంచు మీదుగా గాలి దూకినప్పుడు దాని వెనక పీడనం ఇంకాస్త తగ్గుతుంది. చోటు అటూ ఇటూ అయినా మరీ నష్టం జరగదు, వాన కూడా పెద్ద కన్నంలో పడ్డంత పడదు. రోజువారీ బండికి వెంట్ పెట్టాలనే నిశ్చయించుకుంటే నా ఓటు వీటికే. బానెట్ ముందు సగంలో, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ లేదా టర్బో (పొగ తోపుతో తిరిగి ఇంజన్‌లోకి గాలి నెట్టే పంపు) ఉన్న పక్కకి దగ్గరగా పెట్టించండి. అంచు లేపకుండా చదునుగా కోసిన పలకలూ అమ్ముతారు. వాటిలో గాలి పైనుంచి జారిపోతుందే తప్ప లోపలిదాన్ని గట్టిగా లాగదు.

రేడియేటర్‌కి సరిగ్గా వెనక బానెట్‌లో పెద్ద నోరు తెరిచి, రేడియేటర్ నుంచి ఆ నోటి దాకా రేకుతో మూసిన దారి కట్టడం రెండో పద్ధతి. రేసు కార్ల పద్ధతి ఇది. 1966లో లె మాన్స్ రేసు గెలిచిన ఫోర్డ్ జీటీ40 ముక్కు మీద కనిపించే రెండు నోళ్ళు రేడియేటర్ గాలి పైకి పోవడానికే. మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ బానెట్ మీద ఫ్యాక్టరీ నుంచే వచ్చిన వెంట్ కూడా ఇదే తర్కంతో పెట్టినది, ఆ మూసిన దారి లేకపోయినా. వేడిగాలి ఇంజన్ చుట్టూ తిరగకుండా నేరుగా పోతుంది. బండి కిందికి వెళ్ళే గాలి తగ్గడంతో వేగంలో ముందు భాగం తేలిపోవడం కూడా తగ్గుతుంది. గట్టిగా, చాలాసేపు నడిపే బండికి దీన్ని మించింది లేదు. చిక్కల్లా చోటు దగ్గరే. మామూలు కారులో రేడియేటర్ వెనక ఫ్యాను, దాని వెనక బెత్తెడు దూరంలో ఇంజన్. దారి కట్టే జాగా ఎక్కడిది? దారి కట్టకుండా నోరు మాత్రం తెరిస్తే సగం లాభమే, వాన మాత్రం పూర్తిగా.

ఫెండర్ వెంట్లు, అంటే ముందు చక్రం వెనక పక్క రేకులో ఉండేవి, చూడ్డానికి అందం. 1954లో వచ్చిన మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్ఎల్ పక్కలకున్న చీలికలు ఇంజన్ వేడిని బయటికి వదిలేవి. పైనుంచి వాన పడే బాధ వీటికి లేదు. అయితే చాలా కార్లలో ఆ రేకుకీ ఇంజన్‌కీ మధ్య చక్రం గూడూ దాని ప్లాస్టిక్ లైనరూ అడ్డం. లైనర్ కొయ్యకపోతే గాలి దారే ఉండదు, కోస్తే చక్రం ఎగజిమ్మే బురద లోపలికొస్తుంది. చక్రం పైన కనిపించే ప్రతి లూవరూ వేడి కోసమే అనుకోవద్దు. పోర్షే 911 జీటీ3 ఆర్ఎస్‌లో ముందు చక్రాల పైనున్న చీలికలు చక్రం గూటిలో చిక్కుకున్న గాలిని వదిలి బండిని నేలకి అదిమి ఉంచడానికి. ఆ కారుకి ఇంజన్ వెనకాల ఉంది కదా.

ఇక స్కూపులు. ముందుకి నోరు తెరిచి ఉంటే అది లోపలికి గాలి తెచ్చేదే. సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ బానెట్ మీది స్కూప్ ఇంజన్ పైనున్న ఇంటర్‌కూలర్‌కి, అంటే టర్బో నెట్టే గాలిని చల్లార్చేదానికి, గాలి పోస్తుంది. దానికో పనుంది, ఆ పనికి కట్టిన దారీ ఉంది. ఏ దారీ లేకుండా మీ బానెట్‌కి స్కూప్ తగిలిస్తే గాలి ఇంజన్ చుట్టూ పోగుపడి, రేడియేటర్ వెనక పీడనం పెరిగి, రేడియేటర్‌లోంచి వచ్చే గాలికే ఎదురు నిలుస్తుంది. చల్లగాలి పోస్తే ఇంజన్ చల్లబడుతుందన్న మాట వినడానికి బాగానే ఉంటుంది!

జిగురుతో అంటించే ఉత్తుత్తి వెంట్ల గురించి చెప్పడానికేం లేదు. అందం కోసమైతే కానివ్వండి.

సెగని వెంట్ ఆపలేదు

బానెట్ కింద వేడి రెండు రకాలుగా కదులుతుంది: గాలితో పాటు, సెగగా. ఇంజన్ మీద లోడ్ పెరిగినప్పుడు పెట్రోలు బండి ఎగ్జాస్ట్ వాయువు 800 డిగ్రీలు దాటడం మామూలే. మానిఫోల్డ్, టర్బో కొలిమిలా కాలుతూ చుట్టూ సెగ చిమ్ముతాయి. ఈ సెగ ఉష్ణోగ్రతతో విపరీతంగా పెరుగుతుంది. కెల్విన్‌లో లెక్కేస్తే ఉష్ణోగ్రత రెండింతలైతే సెగ పదహారింతలు. టర్బో పక్కన వైరు మాడుతోంటే, బ్రేక్ ఆయిల్ డబ్బా కాగిపోతోంటే బానెట్‌లో ఎన్ని చీలికలు పెట్టినా తేడా స్వల్పమే. అక్కడ కావలసింది మధ్యన గాలి ఖాళీ ఉంచి బిగించిన అల్యూమినియం హీట్ షీల్డు, లేదా టర్బోకి కప్పే దుప్పటి. మానిఫోల్డ్‌కి చుట్టే టేపు కూడా పనిచేస్తుంది గానీ, దాని కింద మామూలు ఇనుము తొందరగా తుప్పు పట్టి పగుళ్ళిస్తుంది. నేను షీల్డుకే మొగ్గుతాను.

వెంట్ బాగా రాణించే చోటు, చాలామంది పట్టించుకోని చోటు, ఇంజన్ ఆపేసిన తర్వాతి పావుగంట. పంపు ఆగింది, గాలి ఆగింది, మానిఫోల్డ్ మాత్రం ఇంకా కాలుతూనే ఉంది. బండి నడుస్తున్నప్పటికంటే బానెట్ కింద గాలి అప్పుడే ఎక్కువ వేడెక్కుతుంది. పది నిమిషాలు ఆగి మళ్ళీ స్టార్ట్ చేస్తే బండి మొరాయించడం, కాసేపు నీరసంగా లాగడం ఇందువల్లే. పీల్చే గాలి 10 డిగ్రీలు పెరిగితే దాని సాంద్రత దాదాపు 3 శాతం తగ్గుతుంది. ఇక్కడ పీడనం లెక్కలతో పనిలేదు. వేడిగాలి పైకి లేస్తుంది, పైన కన్నం ఉంటే పోతుంది. రబ్బరూ ప్లాస్టిక్కూ ప్రతి 10 డిగ్రీలకీ ఇంచుమించు రెండింతల వేగంతో ముసలివవుతాయన్నది ఇంజనీర్ల మోటు లెక్క. ఆ లెక్కన ఈ పావుగంటలు ఏళ్ళ తరబడి కూడితే చిన్న విషయమేం కాదు.

మీ బండికి ఏది?

ఆగినప్పుడు ముల్లు లేచి, కదిలాక దిగుతోంటే అది ఫ్యాన్ జబ్బు. ఫ్యాన్ తిరుగుతోందా, దానికి కరెంటు అందించే స్విచ్చు, రిలే, పనిచేస్తోందా, ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు విరిగిందా చూడండి. వెంట్ జోలికే పోవద్దు.

హైవే మీద, ఘాట్ ఎక్కుతున్నప్పుడు లేస్తోంటే ముందు కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య టార్చి వేసి చూడండి. పురుగులు, ఆకులు, దుమ్ము కలిసి దుప్పటిలా పేరుకుని ఉంటాయి. తర్వాత రేడియేటర్ చుట్టూ ఉన్న సందులు. గాలి సులువైన దారే వెతుక్కుంటుంది, రేడియేటర్ పక్కన రెండు వేళ్ళ సందుంటే అందులోంచే జారిపోతుంది. ఫోమ్ పట్టీలతో ఆ సందులు మూస్తే వచ్చే లాభం, నా అనుభవంలో, చాలా వెంట్ల కంటే ఎక్కువ. బండి కింద ప్లాస్టిక్ ట్రేని "గాలి ఆడాలి" అంటూ పీకేయొద్దు. చాలా కార్లలో ఆ ట్రే ఆకారమే కిందనుంచి గాలిని బయటికి లాగుతుంది. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకుంటోందా, కింది గొట్టం వేగంలో నొక్కుకుపోతోందా కూడా చూడండి. ఇవన్నీ అయ్యాక కూడా లేస్తోంటే అప్పుడు వెంట్. బానెట్ ముందు మూడో వంతులో లూవర్లు, జాగా ఉంటే దారి కట్టిన పెద్ద వెంట్.

ఇంజన్ ఆపాక వేడి పట్టే టర్బో బండికి లూవర్లూ హీట్ షీల్డూ కలిపి పెట్టించండి. ట్రాక్ మీద నడిపే బండైతే ఆలోచించకుండా రేడియేటర్ వెనక పెద్ద వెంటే.

కోత మొదలెట్టే ముందు

బానెట్ పైరేకు మిల్లీమీటరు మందం కూడా ఉండదు. దాని కింద అంటించిన ఎముకల గూడు లాంటి ఫ్రేమే బలం. ఆ పట్టీల మధ్య ఖాళీల్లోనే కొయ్యాలి. లాక్ చుట్టూ, హింజ్‌ల చుట్టూ ముట్టుకోకూడదు. గుద్దుకున్నప్పుడు బానెట్ మధ్యలో మడతపడేలా ఆ ఫ్రేమ్‌ని తయారుచేస్తారు. పట్టీ తెగితే ఎటు మడతపడుతుందో చెప్పలేం. కొత్త బండైతే వారంటీ, బీమా, వాహనంలో మార్పుల మీద మీ ప్రాంతంలో ఉన్న నిబంధనలు కాగితం మీద అడిగి తెలుసుకోండి. కోసిన అంచుకి అదే రోజు ప్రైమర్ పడాలి. కింద ఉన్న ఇన్సులేషన్ పొరని కూడా కోస్తారు కదా, దాని దారాలు మానిఫోల్డ్ మీదికి వేలాడకుండా అంచులు మూయించండి.

వాన సంగతి. పరుగెత్తుతున్నప్పుడు బయటికొచ్చే గాలే చినుకుల్ని చాలావరకు తోసేస్తుంది. ఆరుబయట రాత్రంతా నిలబెట్టిన బండికే ముప్పు. కన్నం కింద ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్స్, ఇగ్నిషన్ కాయిల్స్ ఉంటే కింద చిన్న ట్రే, దానికో గొట్టం పెట్టి నీళ్ళు పక్కకి పోయేలా చెయ్యాలి. స్పార్క్ ప్లగ్ గుంటల్లో నీళ్ళు నిలిస్తే మర్నాడు పొద్దున బండి దగ్గుతుంది. వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు వెంట్లోకి ప్రెషర్ గన్ పెట్టొద్దని పనబ్బాయికి చెప్పడం మర్చిపోకండి.

పెట్టించాక ఫలితం చెయ్యి పెట్టి చూసి తేల్చకండి. డాష్‌బోర్డ్ ముల్లునీ నమ్మొద్దు. చాలా కార్లలో అది కొన్ని డిగ్రీల తేడాకి కదలకుండా మధ్యలోనే నిలబడేలా చేసి ఉంటుంది. ఓబీడీ అడాప్టర్ (కారు కంప్యూటర్ అంకెల్ని ఫోన్‌కి పంపే చిన్న పరికరం) పెట్టి ఫోన్‌లో కూలెంట్ అంకె, పీల్చే గాలి అంకె చూడండి. వెంట్లకి పైనుంచి టేపు వేసి ఒకసారి, తీసేసి ఒకసారి, అదే రోడ్డు మీద, అదే వేగంలో, ఏసీ అలాగే ఉంచి నడపండి. ఆపాక పది నిమిషాల తర్వాతి అంకె కూడా రాసుకోండి. టేపు వేసినా తీసినా ఏదీ కదల్లేదంటే మీ వెంట్లు ముస్తాబుకే మిగిలాయి. వాటి కింద ట్రే గట్టిగా బిగించుకోండి, వాన నీళ్ళయినా ఆగుతాయి.